బజ్జీ మిరప పక్కన నాగా మిరప పెట్టొచ్చా? పెట్టొచ్చు, జాగ్రత్త పడాల్సింది చపాటా విత్తనం దగ్గర

మీ ప్రశ్న ఏమిటో ముందు ఒకసారి చెబుతాను, తర్వాత చదివేవాళ్లకూ తెలుస్తుంది. హనుమకొండలో మీ మిద్దె మీద నాలుగు రకాల మిరప పెట్టాలనుకుంటున్నారు: బజ్జీ మిరప, గుంటూరు సన్నం, మీ అమ్మమ్మగారు ఏటేటా గింజ దాచుకుంటూ వచ్చిన చపాటా (వరంగల్ వైపు పండే, కారం తక్కువున్న లావు మిరప), స్నేహితులు అస్సాం నుంచి తెచ్చిచ్చిన నాగా మిరప, అంటే భూత్ జొలోకియా. నాగా మిరప పక్కన పెడితే బజ్జీ మిరపకు కూడా ఆ కారం ఎక్కుతుందని, నిరుడు వాళ్ల మిద్దె మీద అలాగే జరిగిందని పక్కింటివాళ్లు చెప్పారు. దూరంగా పెట్టడానికి చోటు లేదు కాబట్టి ఏదో ఒకటి మానుకోవాలా అని అడిగారు.

ఏదీ మానుకోకండి. నాలుగూ పెట్టండి. పక్కన ఏ మిరప ఉన్నా ఈ ఏడాది మీ బజ్జీ మిరప కాయలో కారం మారదు. కానీ మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ కలిగించింది బజ్జీ మిరప కాదు, ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన అమ్మమ్మగారి చపాటా. ఆ గింజ ఒక్క ఏడాదిలో చేజారిపోవచ్చు. అది కూడా నాగా మిరప వల్ల కాదు, సన్నం వల్ల.

మాది పల్నాడులో మిరప వేసే కుటుంబం, నారుమళ్ల మధ్య పెరిగాను. హైదరాబాద్ వచ్చాక 14 ఏళ్లుగా మిద్దె మీద కుండీల్లో వేస్తున్నాను, ఒక్కో ఏడు పది రకాల దాకా పక్కపక్కనే. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మొదట కారం సంగతి. మిరపకాయను నిలువుగా చీరితే గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తటి భాగం కనిపిస్తుంది కదా, కారం తయారయ్యేది అక్కడ. గింజల్లో కాదు. గింజ ఆ తెల్లటి భాగానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి కారం దానికి పూసుకుంటుంది, అంతే. బజ్జీలు వేసేవాళ్లు కాయ చీరి గింజలతో పాటు ఆ తెల్ల ఈనెను కూడా గీకేసి వాము, చింతపండు ముద్ద పెట్టడం చూసే ఉంటారు, కారం తగ్గేది ఆ ఈనె తీసేయడం వల్లే. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ తెల్ల ఈనె, కాయ తోలు, తొడిమ అన్నీ తల్లి మొక్క ఒంటి భాగాలే. పక్క మొక్క నుంచి పుప్పొడి వచ్చి పడితే అది కలిసేది గింజ లోపల మాత్రమే. అంటే మీ బజ్జీ మిరప పువ్వు మీద నాగా మిరప పుప్పొడి పడిందే అనుకోండి, ఆ కాయ బజ్జీ మిరప కాయే, ఆకారం అదే, కారం అదే. లోపలి గింజ మాత్రం ఇద్దరి బిడ్డ. ఆ గింజ నాటితేనే, దాని మొక్క కాసినప్పుడే ఆ కలయిక మీ నాలుకకు తెలుస్తుంది.

ఇంతమంది ఇలా నమ్మడానికి మొక్కజొన్న కూడా ఒక కారణమని నా అనుమానం. తెల్ల మొక్కజొన్న పక్కన పసుపు రకం వేస్తే అదే పంటలో తెల్ల కండెల మధ్య పసుపు గింజలు కనబడతాయి, పల్లెల్లో అందరూ చూసిందే. అక్కడ మనం తినేది గింజనే కాబట్టి తండ్రి గుణం అప్పుడే బయటపడుతుంది. మిరపలో మనం తినేది గింజ చుట్టూ ఉన్న కాయను. అందుకని ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

మరి మీ పక్కింటివాళ్లు చెప్పింది అబద్ధమా? కాదు, వాళ్ల బజ్జీ మిరప నిజంగానే మండిపోయి ఉంటుంది. కారణం మాత్రం వేరు. నాకు ఎక్కువగా ఎదురైంది గింజ ముందే కలిసిపోయి ఉండటం. నర్సరీలో కొన్న నారు, ఎవరో ఇచ్చిన గింజలు, కూరగాయల బండి మీద పండిన కాయ నుంచి తీసిన గింజలు, వీటిలో కలయిక పోయినేడే జరిగిపోయి ఉంటుంది. వాళ్లు నాటినరోజే అది సగం బజ్జీ మిరప. ఈ ఏడాది పక్కన ఏది కనిపిస్తే దాని మీదకు తప్పు పోతుంది. నర్సరీ ట్రేలలో నారు తారుమారు కావడమూ మామూలే, నాలుగాకుల వయసులో బజ్జీ మిరపకూ సన్నానికీ తేడా చెప్పడం చాలా కష్టం.

ఇంకో కారణం ఎండ, నీటి ఎద్దడి. ఒకే మొక్క, శ్రావణంలో కాసిన కాయ చప్పగా ఉంటుంది, ఫాల్గుణంలో కాసింది చురుక్కుమంటుంది. కుండీ రెండు మూడు సార్లు వాడిపోయేదాకా ఎండితే ఆ తర్వాత కాసిన కాయల్లో కారం పెరగడం నేను చాలాసార్లు చూశాను. బజ్జీ మిరప అసలు కారం లేనిది కాదు, కొద్దిగా ఉన్నది. ఆ కొద్దే కాస్త పెరిగితే తినేవాళ్లకు పెద్ద తేడాగా తెలుస్తుంది. పైగా లేత కాయ కన్నా ముదిరిన కాయలో కారం ఎక్కువ, నాలుగు రోజులు కోయడం ఆలస్యమైనా రుచి మారుతుంది.

ఇప్పుడు చపాటా దగ్గరకు వద్దాం, నేను ఇంత రాయడానికి కారణం ఇదే. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిరప అని కూడా పిలిచే ఆ పొట్టి లావు కాయ, ముదురు ఎరుపు, తక్కువ కారం, పచ్చళ్లకు అది ఇచ్చే రంగు, ఇవన్నీ మీ ప్రాంతపు రైతులు, మీ అమ్మమ్మగారి లాంటి వాళ్లు ఏటా మంచి కాయలు ఏరి గింజ దాచడం వల్ల నిలబడినవి. ప్యాకెట్‌లో కొన్న గింజ పాడైతే మరో ప్యాకెట్ దొరుకుతుంది. అమ్మమ్మ చేతి గింజ పోతే మళ్లీ ఎక్కడ తెస్తారు?

మిరప పువ్వు తనంతట తాను ఫలదీకరణ చేసుకోగలదు, ఆడా మగా రెండూ అదే పువ్వులో ఉంటాయి. అలాగని పూర్తిగా తన పుప్పొడితోనే సరిపెట్టుకోదు. చిన్న తేనెటీగలు, చీమలు, పువ్వులో దూరే తామర పురుగులు కూడా పుప్పొడి మోస్తాయి. పర పరాగ సంపర్కం, అంటే పక్క మొక్క పుప్పొడితో కలవడం, ఎంత జరుగుతుందన్నది చోటును బట్టి కొద్ది శాతం నుంచి 90 శాతం దాకా నమోదైంది, అంటే మీ మిద్దె మీద ఎంత జరుగుతుందో ముందుగా లెక్క కట్టలేం. మన దేశంలో ధ్రువీకరించిన మిరప విత్తనం పండించాలంటే వేరే రకానికి 200 మీటర్ల దూరం ఉండాలని నియమం. మూల విత్తనానికైతే 400 మీటర్లు. మిద్దె మీద అది అయ్యే పని కాదు. పది అడుగులు దూరం జరిపాం, మధ్యలో ట్యాంకు అడ్డం ఉంది అని ధీమా పడితే తేనెటీగకు అవేవీ లెక్కలోకి రావు.

ఏది దేనితో కలుస్తుందో కూడా తెలుసుకోవాలి. బజ్జీ మిరప, సన్నం, చపాటా, తేజ, బ్యాడిగి, క్యాప్సికం ఇవన్నీ ఒకే జాతి. చూపుకు ఎంత తేడాగా ఉన్నా కలవడానికి ఏ అడ్డూ లేదు. నాగా మిరప వేరే జాతి. అది మన మిరపతో కలవదని కాదు, కలుస్తుంది, కానీ అంత సులువుగా కాదు, కలిసినా చాలాసార్లు గింజ తాలుగా ఉంటుంది, లేదా పుట్టిన మొక్క సరిగా కాయదు. పేరు చూసి అందరూ నాగా మిరపకు భయపడతారు. కానీ మీ చపాటాను చడీచప్పుడు లేకుండా మార్చేసేది ఇంట్లోమనిషి లాంటి సన్నమే.

జాతి గుర్తుపట్టాలంటే కాయను కాదు, పువ్వును చూడండి. మన మిరపకు సాధారణంగా కణుపుకు ఒక్క తెల్ల పువ్వు. నాగా మిరపకు కణుపుకు రెండు మూడు, ఒక్కోసారి ఐదు దాకా, తెలుపులో కొంచెం ఆకుపచ్చ ఛాయ, తల వంచుకుని ఉంటాయి, కాయ తొడిమ దగ్గర నొక్కినట్టు ఒక వలయం కనిపిస్తుంది. కేరళవాళ్లు కాంతారి అనే చిన్న మిరప ఉంది చూడండి, ఆకాశం వైపు నిలబడి కాస్తుంది, అది మూడో జాతి, పువ్వు పసరు రంగులో ఉంటుంది. మీకిచ్చిన నాగా మిరప గింజలు నిజంగా అవేనా కాదా అని పూత వచ్చినప్పుడు ఇలాగే తేల్చుకోవచ్చు.

నాకు జరిగింది చెబుతాను. ఆరేళ్ల కిందట మంచి బజ్జీ మిరప దొరికింది, పల్చటి తోలు, జానెడు పొడుగు. దాని పక్కనే ఐదు కుండీల్లో సన్నం. ఆ ఏడాది బజ్జీ మిరప చివరి కాయ దాకా కమ్మగానే ఉంది, సన్నం పక్కనే ఉన్నా కారం ఏమీ ఎక్కలేదు. పక్క పుప్పొడి పడకుండా మొగ్గలకు సంచీ కట్టాలి, అది కట్టకుండానే రెండు పండు కాయల నుంచి గింజ తీసి దాచాను. మరుసటేడు ఎనిమిది మొక్కలు పెడితే ఐదు తల్లి లాగే వచ్చాయి, మూడింటికి కాయలు వేలంత పొడుగే, సన్నగా, గట్టి తోలుతో, బజ్జీకి పనికిరానంత కారం. కొన్న చోటికి మళ్లీ వెళ్తే ఆ రకం లేదు. మిగిలిన ఐదింటినీ అప్పటి నుంచి సంచీ కట్టి కాపాడుకుంటూ వస్తున్నాను.

కారం లేని క్యాప్సికం అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కారం పుట్టించే ముఖ్యమైన జన్యువు ఒకటుంది, కారం ఉన్న గుణం లేని గుణాన్ని అణిచేస్తుంది. క్యాప్సికం తల్లికి సన్నం తండ్రి అయితే పిల్ల మొక్కలన్నీ కారంగానే పుడతాయి. ఆ పిల్లల గింజలు మళ్లీ నాటితే సుమారు నాలుగింట ఒకటి తిరిగి చప్పగా వస్తుంది. చపాటాలో కారం తక్కువే కానీ బొత్తిగా లేకుండా లేదు కాబట్టి అక్కడ తేడా ఇంత తేటగా ఉండదు. కాయ కాస్త పొడుగవుతుంది, రంగు కాస్త పలచబడుతుంది, కారం కాస్త పెరుగుతుంది. అందుకే అది మరీ ప్రమాదం, మూడు నాలుగేళ్లు గమనించకుండానే గడిచిపోతాయి.

దీనికి విరుగుడు చాలా చవక. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులకు వాడే పల్చటి ఆర్గాంజా సంచులు ఉంటాయి కదా, దారం లాగితే మూతి బిగుసుకునేవి, అవి ఓ పాతిక తెచ్చుకోండి. పాత పల్చటి వోణీ గుడ్డతో కుట్టుకున్నా సరే. చపాటా మొక్క మీద ఇంకా విచ్చుకోని, రేపో ఎల్లుండో విచ్చుకునేలా తెల్లగా ఉబ్బిన మొగ్గలున్న కొమ్మ చివర చూసి, అప్పటికే విచ్చుకున్న పూలను, చిన్న పిందెలను ఆ కొమ్మ మీద నుంచి తీసేసి, సంచీ తొడిగి మూతి బిగించండి, చీమ దూరకుండా మూతి దగ్గర కొమ్మకు కాస్త దూది చుడితే ఇంకా మంచిది. రోజూ ఉదయం తొమ్మిది పది మధ్య ఆ కొమ్మను వేలితో నాలుగుసార్లు తట్టండి, పుప్పొడి తన పువ్వులోనే రాలుతుంది. పిందె కట్టి రేకులు రాలిపోయాక సంచీ తీసి, ఆ కాయ తొడిమకు ఎర్ర ఊలు దారం కట్టేయండి. ఆ దారం ఉన్న కాయ ఎవరూ కోయకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి. నా దగ్గర దారం కట్టిన కాయ ఒకసారి పప్పులోకి వెళ్లిపోయింది, ఆ ఏడాది ఆ మొక్క నుంచి నాకు మిగిలింది అదొక్కటే.

సంచీలో కట్టిన మొగ్గల్లో సగం రాలిపోతాయి, అది మామూలే, అందుకని ఎక్కువ కట్టాలి. ఒక్క మొక్క గింజనే దాచొద్దు. కనీసం ఐదారు చపాటా మొక్కలు పెట్టి, వాటిలో తెగులు రాని, కాయ ఆకారం అమ్మమ్మగారి కాయలాగే ఉన్నవాటి నుంచి తలా రెండు కాయలు తీయండి. ఒక్క మొక్క గింజతోనే ఏళ్ల తరబడి లాగితే రకం సన్నగిల్లుతుంది. కాయ మొక్క మీదే పూర్తిగా పండి తోలు ముడతలు పడటం మొదలైనప్పుడు కోసి, నీడలో ఆరబెట్టి, గింజ తీసి మళ్లీ వారం ఆరబెట్టండి. గింజను వంచితే వంగకుండా పుటుక్కుమని విరగాలి. గాజు సీసాలో వేసి, రకం పేరూ ఏడాదీ రాసి, చల్లని చీకటి చోట పెడితే రెండు మూడేళ్లు బాగా మొలుస్తాయి. అమ్మమ్మగారు ఇచ్చిన గింజలన్నీ ఈ ఏడాదే నాటేయకండి, మూడో వంతైనా సీసాలో ఉంచండి. ఏదైనా తేడా జరిగినా మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు.

మిగతా మూడింటి గింజ మీకు అవసరం లేకపోతే వాటికి సంచులతో పని లేదు. హైబ్రిడ్ ప్యాకెట్ కొనివుంటే దాని గింజ ఎలా దాచినా తల్లిలా రాదు, అక్కడ శ్రమ వృథా.

ఇక నాలుగూ ఒకే చోట ఎలా పెట్టాలన్నది. బజ్జీ మిరప, సన్నం, చపాటాల అవసరాలు దాదాపు ఒకటే. ఒక్కో మొక్కకు 12 అంగుళాల కుండీ లేదా గ్రో బ్యాగ్, కనీసం ఆరు గంటల ఎండ. మట్టి విషయంలో నేను రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి వాడతాను. మీ దగ్గర నల్లమట్టి ఉంటే కుండీల్లో వాడకండి, పొలంలో మిరపకు అది బంగారం కానీ కుండీలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. కుండీకీ కుండీకీ మధ్య అడుగున్నర ఖాళీ తగ్గకూడదు. కలిపి పెంచడంలో అందరూ చేసే పొరపాటు ఇక్కడే, రకాలు కలుస్తాయని భయపడతారు కానీ మొక్కలను గాలి ఆడకుండా ఇరికిస్తారు.

నాగా మిరప లెక్క వేరు. అది వాన, తేమ ఉన్న ఈశాన్యం మొక్క. గింజ మొలవడానికే మన మిరపకు వారం పది రోజులైతే దీనికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొలవలేదని పది రోజులకే మట్టి తిరగేయకండి. కాపుకు రావడానికీ మిగతావాటి కన్నా నెల, నెలన్నర ఎక్కువ. జూన్‌లో గింజ వేస్తే పండు కాయ చూసేసరికి డిసెంబర్ అవుతుంది. 15 నుంచి 18 అంగుళాల కుండీ ఇవ్వండి, మధ్యాహ్నం ఎండ తగలని చోటు, తూర్పు గోడ పక్కన గానీ పందిరి నీడలో గానీ పెట్టండి. మిగతా మూడూ పడమటి ఎండను తట్టుకుంటాయి. బాగా చూసుకుంటే నాగా మిరప రెండు మూడేళ్లు బతుకుతుంది, మార్చిలో కొమ్మలు కత్తిరించి షేడ్ నెట్ కింద వేసవి దాటించండి. రెండో ఏడాది కాపు మొదటిదాని కన్నా ముందుగా, ఎక్కువగా వస్తుంది.

పూత రాలుతోందని అందరూ అడుగుతారు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే మిరప పూత నిలవదు, ఏ మందు కొట్టినా అంతే. ఏప్రిల్, మే నెలల్లో హనుమకొండ ఎండకు పూత రాలితే మొక్కను బతికించుకోవడం మీదే దృష్టి పెట్టండి, తొలకరి తర్వాత అదే కాస్తుంది. వానాకాలంలో రాలితే మాత్రం నీరు నిలవడమో, ఎరువు ఎక్కువ కావడమో చూసుకోవాలి. వేరుశనగ చెక్క నీళ్లు ఎక్కువ పోస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కాయ ఉండదు. బజ్జీ మిరప, చపాటా లాంటి పెద్ద కాయల కొస నల్లబడి కుళ్లినట్టు అయితే చాలామంది గుడ్డు పెంకులు నూరి పోస్తారు. అది కాల్షియం అందక వచ్చే సమస్యే, కానీ మట్టిలో కాల్షియం లేక కాదు, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తడం వల్ల మొక్క తీసుకోలేక. నీళ్లు ఒక పద్ధతిలో ఇస్తే రెండు వారాల్లో కొత్త కాయలు శుభ్రంగా వస్తాయి.

ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు నిజంగా పాకేది ఏమిటో ఇప్పుడు చెబుతాను. పురుగు, వైరస్. రకాలు కలిపి పెంచేవాళ్లు రోజూ భయపడాల్సింది దీనికే. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా పొలాలకు పొలాలు ఊడ్చేసింది, పూత మీదున్న తోటలను రైతులు పీకేయాల్సి వచ్చింది. మా బంధువుల తోట కూడా అందులో పోయింది. ఆ పురుగు పువ్వుల్లో దాక్కుంటుంది. తెల్ల కాగితం మీద పువ్వును దులిపి చూడండి, నల్లటి చిన్న గీతల్లా కదులుతుంటే అదే.

ఆకు ముడతలన్నీ ఒకటి కావు, అన్నిటికీ ఒకే మందు కొట్టి విసిగిపోతారు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకుని, కాడ సాగి ఎలుక తోకలా కనిపిస్తే అది కింది ముడత, తెల్లనల్లి పని. ఆకులు చిన్నవై, దగ్గర దగ్గరగా గుత్తిలా చేరి, ఈనెలు లావెక్కి, మొక్క ఎదగకుండా గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన జెమిని వైరస్, దానికి మందు లేదు, ఆ మొక్కను సంచీలో మూసి పీకి బయట పారేయడమే. ఎంత ఇష్టమైన మొక్కైనా సరే, ఉంచితే మిగతా మూడు రకాలకూ ఎక్కుతుంది. చపాటాకు వచ్చిందని బాధపడి వారం ఆగొద్దు, అందుకే మూడో వంతు గింజ సీసాలో ఉంచమన్నాను.

పై ముడతకు మొదట్లోనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా వారానికి ఒకసారి కొట్టండి. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు, మొక్క తల ఎత్తులో వేలాడదీయండి. కింది ముడతకు లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది, బూడిద తెగులుకూ అదే. కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టొద్దు, ఎండ వేళ అసలు కొట్టొద్దు, రెండూ కలిస్తే ఆకు మాడిపోతుంది. బయట కొన్న ఏ నారైనా పది రోజులు వేరే మూల ఉంచి చూశాకే మిగతావాటి దగ్గరకు చేర్చండి. ఇంట్లో ఎవరైనా బీడీ, చుట్ట, ఖైనీ వాడితే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మొక్క ముట్టుకోవాలి, పొగాకు నుంచి మిరపకు వచ్చే వైరస్ ఒకటుంది, అది చేతుల ద్వారానే పాకుతుంది.

నాగా మిరప గురించి ఒక మాట, మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి. సన్నం కారం స్కోవిల్ కొలతలో సుమారు 35 నుంచి 40 వేలు. భూత్ జొలోకియా 2007లో గిన్నిస్ రికార్డు ఎక్కినప్పుడు 10 లక్షలు దాటింది. దాన్ని వట్టి చేత్తో తుంచకండి, చేతి తొడుగులు వేసుకోండి, మిక్సీలో పొడి చేయాలంటే మిద్దె మీదే, గాలి తగిలే చోట చేయండి. చేతికి అంటితే నీళ్లతో పోదు, ముందు నూనె రాసి తుడిచి ఆ తర్వాత సబ్బుతో కడగాలి. నోరు మండితే పెరుగు, పాలు. కుండీ పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. పండిన కాయ ఎర్రగా, మెరుస్తూ, పిల్లలు తుంచాలనుకునేలా ఉంటుంది. పక్షులకు మాత్రం ఆ కారం తెలియదు, పికిలిపిట్టలు, చిలుకలు హాయిగా తినేస్తాయి. కాబట్టి విత్తనం కోసం దారం కట్టిన చపాటా కాయలకు పండే వేళ మళ్లీ సంచీ తొడగడం మంచిది.

ఇది జూన్ మొదటి వారం కాబట్టి పని వరస ఇలా పెట్టుకోండి. నాగా మిరప గింజలు ఈ రోజే నానబెట్టండి, అది ఆలస్యంగా మొలుస్తుంది. చపాటా, బజ్జీ మిరప, సన్నం వేరు వేరు ట్రేలలో వేసి, ప్రతి ట్రేకు పేరు చెరిగిపోని పెన్నుతో రాయండి, కాగితం చీటీలు వానకు పోతాయి. నారు ఆరు వారాల వయసుకు కుండీల్లోకి మారుతుంది, మొదటి పూత ఆగస్టు చివర్లో వస్తుంది. అప్పుడు చపాటా పువ్వు ఫొటో ఒకటి, ఆ మొక్క ఆకులు పైనా కిందా కనిపించేలా ఒకటి పెట్టండి, సంచీ ఏ కొమ్మకు కట్టాలో చూసి చెబుతాను. వీలైతే ఈ లోపు అమ్మమ్మగారిని ఒకటి అడగండి: గింజ కోసం ఆమె మొదటి కాపు కాయలు తీసేవారా, రెండో కాపువా, ఏ ఆకారం కాయను పక్కన పెట్టేవారు అని. చపాటా కాయల్లో సింగిల్ పట్టీ, డబుల్ పట్టీ లాంటి రకాలు చెబుతారు మీ వైపు, ఆమెది ఏదో తెలిస్తే మనం ఏ కాయకు దారం కట్టాలో తేలిపోతుంది.